ముప్పై ఊపిరితిత్తులూ ఒక తాళంచెవీ

గౌరవనీయులైన మామయ్యకు,

మీ మేనకోడలు నమస్కరించి రాస్తున్నది. నేను క్షేమం. అత్తయ్య మోకాలి నొప్పి తగ్గిందా?

సోమవారం బడిలో చేరాను. సైన్సు టీచరు అని నోటీసు బోర్డు మీద రాశారు గానీ, సైన్సు అని చెప్పుకోవడానికి నా బల్ల మీద ఒక పుస్తకం, సుద్దముక్కల డబ్బా తప్ప ఇంకేమీ లేవు. "కాంతి ఋజుమార్గంలో ప్రయాణిస్తుంది" అని నేను చదివితే, ఏడో తరగతి పిల్లలు అదే మాట రాగం తీసి అప్పజెబుతారు. ఎందుకలా ప్రయాణిస్తుంది అని ముందు బెంచీ అమ్మాయిని అడిగాను. "పరీక్షలో వస్తుంది కదా టీచర్" అంది. ఆ పూట నాకు ముద్ద దిగలేదు.

అప్పుడు మీ ఇనుప సామాన్ల కొట్టు గుర్తొచ్చింది. రెండు పెట్టెల కొవ్వొత్తులు, గట్టి తాడు, ఒక కప్పీ, ఒక బకెట్టు, గరాటు, రబ్బరు గొట్టం పార్సిల్లో పంపండి. పగిలిన అద్దం ముక్కలుంటే అవి కూడా. మంచి అద్దం పంపకండి, నాకు ముక్కలు చాలు. ఎందుకో తీరిగ్గా రాస్తాను, గంట కొట్టేస్తున్నారు.

ఇట్లు,
మీ మేనకోడలు

తా.క. నల్ల అట్టలు కూడా కావాలి. కిటికీలన్నీ మూసేయాలి. లోపలికి చుక్క వెలుతురు రాకూడదు.


చిరంజీవి మేనకోడలికి మామయ్య దీవించి రాయునది.

నీ ఉత్తరం చూసి మనసు వికలమైపోయింది. మీ అత్తయ్యకు చదివి వినిపిస్తే పొయ్యి మీద పాలు పొంగిపోయినా ఆవిడకు తెలియలేదు.

పైకి మామూలుగా రాస్తే మాకు అర్థం కాదనుకున్నావా అమ్మాయ్? కొవ్వొత్తులు అడిగావంటే నీకిచ్చిన గదిలో కరెంటు లేదు. తాడు, కప్పీ, బకెట్టు అడిగావంటే నీళ్ళు తోడుకోవలసి వస్తోంది. నీ ఒక్కదానికే అయితే అంత గట్టి తాడు దేనికి? బడి మొత్తానికి నీ చేతే తోడిస్తున్నారన్నమాట. ఇక కిటికీలు అట్టలతో మూయాలన్నావు చూడు, అక్కడ నా రక్తం మరిగింది. ఎవడో తొంగి చూస్తున్నాడు. అవునా కాదా?

మా అక్క కూతురు పగిలిన అద్దంలో తల దువ్వుకోవడమేమిటి? నేను బతికుండగా ఆ మాట పడను. నువ్వడిగినవన్నీ పంపుతున్నాను. వాటితో పాటు నిలువుటద్దం ఒకటి, టార్చిలైటు, తలుపుకి లోపలి గడియ, దాని మరలు కూడా పెట్టాను. మీ హెడ్మాస్టరుకి విడిగా ఒక ఉత్తరం రాశాను. మన వీధి దీపాల గురించి మునిసిపాలిటీకి ఎలా రాస్తానో నీకు తెలుసు కదా, అంతకు రెండింతలు ఘాటుగా రాశాను. నువ్వేమీ భయపడకు.

ఇట్లు,
నీ మేలు కోరే మామయ్య

తా.క. గరాటు, గొట్టం దేనికో నాకు తట్టలేదు. మీ అత్తయ్యకు ఏదో తట్టింది గానీ అది ఉత్తరంలో రాసే మాట కాదు. ఒంట్లో బాగుండకపోతే ముందు డాక్టరుకి చూపించుకో.


మామయ్యకు నమస్కారాలు.

పార్సిలు అందింది. మీ రెండో ఉత్తరం కూడా అందింది, నాకు కాదు, మా హెడ్మాస్టరుకి. బడిలో అందరూ ఆయన్ని పెద్దాయన అంటారు. నన్ను తన గదికి పిలిపించి, గుమాస్తా ముందే మొదటి నుంచి చివరి దాకా పైకి చదివారు. "మా అమ్మాయి చేత నీళ్ళు తోడించడానికి మీకు మనసెలా ఒప్పింది" అన్న చోట ఆగి, కళ్ళజోడు తీసి నా వైపు చూశారు.

"మన బడిలో నుయ్యి ఎక్కడుందమ్మా?" అని అడిగారు.

నేల చీలి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది. మామయ్యా, నా గదిలో కరెంటు ఉంది. కుళాయి ఉంది. తొంగి చూసేవాళ్ళు ఎవరూ లేరు, ఎదురుగా గోడ. అవన్నీ పాఠం చెప్పడానికి. కిటికీలకు నల్ల అట్టలు బిగించి, ఒక అట్టకు చిన్న చిల్లు పెట్టాను. బయట రోడ్డంతా తలకిందులుగా వచ్చి తరగతి గోడ మీద పడింది. పోస్టుమాన్ సైకిలుతో సహా తలకిందులుగా వెళ్తుంటే పిల్లలు బెంచీలెక్కి చప్పట్లు కొట్టారు. పరీక్షలో వస్తుందన్న ఆ అమ్మాయే లేచి, ఆయన కింద పడిపోవడం లేదేం టీచర్ అని అడిగింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. కప్పీని దూలానికి కట్టి, నన్ను కుర్చీలో కూర్చోబెట్టి పిల్లలే పైకి లాగారు. అంత పిల్లలు ఇంత మనిషిని లేపగలరని వాళ్ళకే నమ్మకం కలగలేదు. గరాటుకి గొట్టం తగిలిస్తే గుండె చప్పుడు వినొచ్చు. అత్తయ్యకు ఈ మాట తప్పకుండా చెప్పండి.

ఇంత చేస్తే పెద్దాయన ఒక్క మాట మెచ్చుకోలేదు. ఈ గొడవంతా ఎందుకమ్మా, పుస్తకంలో బొమ్మలున్నాయిగా అన్నారు. అసలు నా కడుపుమంట అది కాదు. ప్రయోగశాల అని ఒక గది ఉంది, అందులో పెద్ద బీరువా ఉంది. దాని తాళంచెవి ఆయన నడుముకి వేలాడుతుంటుంది. లోపల ఏముందో బడిలో అందరికీ తెలుసు, ఎవరూ నోరు విప్పరు. ఒక మనిషి అస్థిపంజరం కూడా ఉందట. నిలువునా నిలబెట్టి తాళం వేశారు. దాని గురించి అడిగితే, "అది నేను రాకముందు నుంచీ ఉంది, దాని జోలికి పోకు" అన్నారు. ఇది ఎవరితో చెప్పుకోవాలి?

వచ్చే వారానికి నాకు ముప్పై ఊపిరితిత్తులు కావాలి. బుడగలు, ఖాళీ ప్లాస్టిక్ సీసాలు, రబ్బరు బాండ్లు పంపండి. దయచేసి ఇంకెవరికీ ఉత్తరాలు రాయకండి.

ఇట్లు,
మీ మేనకోడలు

తా.క. పిల్లలు మా అటెండరు గుండె చప్పుడు వంతులేసుకుని విన్నారు. అందరూ విని ఒకరి ముఖం ఒకరు చూసుకునేసరికి ఆయన హడలిపోయి సెలవు పెట్టి ఆసుపత్రికి వెళ్ళాడు. గుండె గట్టిగా ఉందట. ఇప్పుడు నాతో మాట్లాడడం లేదు.


తల్లీ,

దీవెనలు. ఈ ఉత్తరం చేతిలో ఉండగానే ప్రయోగశాల గది వైపు వెళ్ళడం మానెయ్యి.

బీరువాలో మనిషి. నిలువునా. తాళం వేసి. బడిలో అందరికీ తెలుసు, ఎవరూ నోరు విప్పరు. నువ్వు రాసిన ముక్కలే ఇవి. నా కొట్టులో గుమాస్తాకి వినిపిస్తే వాడు స్టూలు మీద నుంచి లేచి నిలబడ్డాడు. ఎవరి బిడ్డో, ఎవరి మొగుడో, ఇంట్లోవాళ్ళు ఏ రైల్వే స్టేషన్లో వెతుక్కుంటున్నారో. ఆయన రాకముందు నుంచీ ఉందట. ప్రతి నేరస్థుడూ చెప్పే మాటే అది.

పైగా పిల్లల చేత నిన్ను కుర్చీకి కట్టించి దూలానికి లాగించారు. అది హెచ్చరిక, నీకు అర్థం కాలేదు. ఎవరికీ రాయొద్దు అన్నావు. ఎందుకన్నావో నాకు తెలుసు. పక్కన ఎవరో నిలబడి రాయించి ఉంటారు.

మీ బడి కమిటీ అధ్యక్షుడికి ఉత్తరం రాశాను. నకలు మీ ఊరి పోలీసు స్టేషనుకి పంపాను. రెండూ రిజిస్టరు పోస్టులోనే. నీ గది తలుపుకి వేసుకోవడానికి మా కొట్టులో ఉన్నవాటిలో అన్నిటికంటే పెద్ద తాళం పంపుతున్నాను. గోడౌన్లకి వేసేది, నీకు కాస్త బరువే.

ఇట్లు,
నిద్రపట్టని మామయ్య

తా.క. అది ప్లాస్టిక్‌ది అయ్యుండొచ్చు కదా అంటుంది మీ అత్తయ్య. ప్లాస్టిక్‌తో మనిషిని చేసి బీరువాలో దాచాల్సిన ఖర్మ ఎవరికి పట్టింది అని అడిగాను.

మళ్ళీ తా.క. ఎముకలేమో అక్కడున్నాయి, ముప్పై ఊపిరితిత్తులేమో నన్ను పంపమంటున్నారు. నువ్వు ఏ మనుషుల మధ్య పడ్డావో తలచుకుంటే నాకు చెమటలు పడుతున్నాయి. నడుమ బుడగలని ఏదో రాశావు, కంగారులో రాసి ఉంటావు.


మామయ్యకు,

నమస్కారాలు పెట్టే స్థితిలో లేను. అయినా పెడుతున్నాను, అమ్మ పెంపకం అలాంటిది.

మంగళవారం మూడో పీరియడ్లో, ఇక్కడే కొన్న బుడగల్ని సీసాల్లో బిగించి ఊపిరితిత్తుల పాఠం చెబుతుండగా జీపు వచ్చి ఆగింది. కమిటీ అధ్యక్షుడు, ఇన్‌స్పెక్టరు, ఇద్దరు కానిస్టేబుళ్ళు దిగారు. అధ్యక్షుడి చేతిలో మీ ఉత్తరం. మీ చేతిరాత వరండా అవతల నుంచే గుర్తుపట్టాను. చేతిలో ఉన్న బుడగ వదిలేస్తే అది వింత చప్పుడు చేస్తూ పోయి ఇన్‌స్పెక్టరు టోపీకి తగిలింది.

బీరువా తెరవమన్నారు. పెద్దాయన ముఖం పాలిపోయింది. నిజంగానే ఏదో చేశారనిపించేలా తాళంచెవిని గుప్పిట్లో దాచుకున్నారు. తాళంచెవి పెడితే తిరగలేదు. తుప్పు. ఎన్నేళ్ళుగా నడుముకి కట్టుకుని తిరిగిన తాళంచెవి ఆ తాళాన్ని తీయదని ఆయనకే అప్పుడు తెలిసింది. చివరికి కానిస్టేబులు సుత్తితో కొట్టి పగలగొట్టాడు.

అస్థిపంజరం తెల్లగా, నవ్వుతూ నిలబడి ఉంది. మెడకు కంపెనీ చీటీ వేలాడుతోంది. ఇన్‌స్పెక్టరు దాని చెయ్యి పట్టుకుని ఊపి చూసి, "ప్లాస్టిక్" అన్నాడు. అంతే. ఆ ఒక్క మాటకి ఏడో తరగతి మొత్తం పగలబడి నవ్వింది. నేను మాత్రం ఆ గోడకేసి తల బాదుకోలేక ఊరుకున్నాను.

దాని వెనక చూడాలి మామయ్యా. సూక్ష్మదర్శినులు, పట్టకాలు, గాజు బీకర్లు, అన్నీ గడ్డిలో చుట్టి, వచ్చినవి వచ్చినట్టే ఉన్నాయి. రబ్బరువి కరిగి జిగురైపోయాయి. అయస్కాంతాలు గుండుసూదిని కూడా లాగలేకపోయాయి. ఇవి పిల్లలకు ఎందుకివ్వలేదని అధ్యక్షుడు అడిగారు. "పాడవుతాయని జాగ్రత్త చేశానండి" అన్నారు పెద్దాయన. ఆ మాట ఆయన ఎంత నిజాయితీగా అన్నారంటే నాకు ఒళ్ళు మండిపోయింది. చిల్లు పెట్టిన అట్టలతో, చీల్చిన సీసాలతో నేను తంటాలు పడుతుంటే, గోడ అవతల ఇవి చీకట్లో కుళ్ళుతున్నాయి. కనీసం ఒక్క తరం పిల్లలు వీటి బొమ్మలు గీసి మార్కులు తెచ్చుకుని వెళ్ళిపోయారు.

ఇన్‌స్పెక్టరు ఎందుకొచ్చాడో మరిచిపోయి ఉల్లిపొర పెట్టించుకుని సూక్ష్మదర్శినిలో చూశాడు. కానిస్టేబుళ్ళకి కూడా చూపించాడు. గది రేపటి నుంచి తెరవాలని అధ్యక్షుడు అక్కడికక్కడే ఆర్డరు వేశారు.

అంటే మీ వల్లే మంచి జరిగిందని మీరు అనుకోవచ్చు. నేను మాత్రం మీకు కృతజ్ఞతలు చెప్పదలచుకోలేదు.

ఇట్లు,
మీ మేనకోడలు (ఇంకా బతికే ఉన్నాను)

తా.క. ఇన్‌స్పెక్టరు మీ కొట్టు చిరునామా రాసుకుని వెళ్ళాడు.

మళ్ళీ తా.క. పిల్లలు అస్థిపంజరానికి పేరు పెట్టారు. నేను ఎంత చెప్పినా వినడం లేదు. దాన్ని "టీచరు గారి మామయ్య" అంటున్నారు.


చిరంజీవి మేనకోడలికి,

కోపంతోనే దీవిస్తున్నాను.

మా ఊరి స్టేషన్ నుంచి హెడ్ కానిస్టేబులు వచ్చాడు. కొట్టు నిండా జనం ఉండగా, "ప్లాస్టిక్ మనిషి మీద ఫిర్యాదు ఇచ్చింది తమరేనా" అని అడిగాడు. నవ్వలేదు. నవ్వినా బాగుండేది. తర్వాత రెండు తలుపు బందులు కొనుక్కుని వెళ్ళాడు. ఆ రోజు నుంచీ ఎదురు కొట్టువాడు మేకులు కావాలన్నా, "కేసు ఎంతవరకు వచ్చింది" అని మొదలుపెడుతున్నాడు.

నేను అడిగేది ఒక్కటే. ప్లాస్టిక్ అన్న ముక్క రాయడానికి నీ కలంలో సిరా చాల్లేదా? పెద్ద చదువులు చదివినదానివి, మనిషి అంటే మనిషి అనే కదా నేను అనుకుంటాను? తప్పంతా నాదే అన్నట్టు మీ అత్తయ్య వారం రోజులుగా వంటింట్లో తనలో తాను నవ్వుకుంటోంది. అన్నం వడ్డిస్తూ, "టీచరు గారి మామయ్యా, ఇంకాస్త పప్పు వేయనా" అంటుంది.

అది పక్కన పెట్టు. అయస్కాంతాలు చచ్చిపోయాయన్నావు, కొత్తవి పంపుతున్నాను. మా చిన్నప్పుడు మాస్టారు నల్లబల్ల మీద గుర్రపు నాడాలా ఒకటి గీసి, ఇదే అయస్కాంతం అన్నారు. చూసి రాసుకున్నాం. కొట్టు పెట్టాక ఒకరోజు నిజమైనది చేతికొచ్చింది. ఊరికే మేకుల డబ్బాలో పెట్టాను. జుట్టు పట్టుకుని లేపినట్టు డబ్బాలో సగం లేచి వచ్చింది. ఎవరో బోల్టులు కావాలని నిలబడి, చూసి చూసి వెళ్ళిపోయారు. నేను సాయంత్రం దాకా దానితోనే ఉన్నాను. నలభై ఏళ్ళవాణ్ణి అప్పటికి.

ఉల్లిపొరలో ఏం కనబడుతుందో వివరంగా రాయి. ఎవరో అడిగితే చెప్పడానికి.

ఇట్లు,
మామయ్య (ఎముకలతో పాటు మాంసం కూడా ఉన్నవాడు)

తా.క. ఎవరో కాదు, నేనే.


మామయ్యకు నమస్కారాలు.

ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమనుకోకండి. ఊపిరి పీల్చుకునే తీరిక లేదు. పెద్దాయన ప్రయోగశాల బాధ్యత నాకే అప్పగించారు. బీరువాకి మీరు పంపిన గోడౌను తాళమే వేశాం. తాళంచెవి నా చేతిలో పెడుతూ ఆయన మొదటిసారి నన్ను చూసి నవ్వారు. ఏది పగిలినా జవాబు నేనే చెప్పాలని సంతకం కూడా చేశాను.

మామయ్యా, ఈ పిల్లలకు వస్తువు విలువ తెలియదు. మొదటి వారమే రెండు గాజు పలకలు పగలగొట్టారు. సూక్ష్మదర్శిని మరని పైకీ కిందికీ తిప్పి తిప్పి వదిలిపెట్టారు. అదేమైనా కుళాయా? పరీక్షలో వస్తుందన్న అమ్మాయి ఉంది చూశారా, ఆ పిల్ల కటకం మీద వేలు పెట్టింది. వేలి గీతలు పెద్దగా కనిపిస్తాయేమో చూస్తున్నాను టీచర్ అని పైగా సమాధానం. రెండు పీరియడ్లు బయట నిలబెట్టాను. అంత ఖరీదైన వస్తువు మీద ఎవరైనా వేలు పెడతారా?

అందుకని కొన్ని నియమాలు పెట్టాను. బీరువా ముందు నేల మీద సుద్దతో గీత గీశాను. అందరూ గీతకి ఇవతల, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడాలి. వస్తువు నేనే తీసి, ఎత్తి చూపించి, మళ్ళీ నేనే పెడతాను. ఉల్లిపొరలో ఏం కనిపిస్తుందో పుస్తకంలో చక్కటి రంగుల బొమ్మ ఉంది, అది చూస్తే సరిపోతుంది. అస్థిపంజరానికి దుప్పటి కప్పాను, దుమ్ము పడుతోంది.

అయితే పిల్లల చేతికి ఏదో ఒకటి ఇవ్వకపోతే గోల చేస్తున్నారు. కాబట్టి మళ్ళీ ఒక పార్సిలు పంపండి. అద్దం ముక్కలు, బుడగలు, సన్నటి తీగ చాలు. తీగని చిన్న సున్నాలా వంచి నీటి చుక్క నిలబెడితే అక్షరాలు పెద్దవిగా కనిపిస్తాయి. పగిలే బెడద లేదు. మీరు పంపిన అయస్కాంతాలు చాలా బాగున్నాయి, వాటినీ భద్రంగా లోపల పెట్టేశాను.

ఇట్లు,
మీ మేనకోడలు
ప్రయోగశాల ఇన్‌ఛార్జి

తా.క. ఈ తాళంచెవి చేతిసంచిలో పట్టడం లేదు. తాడు కట్టి నడుముకి వేలాడదీసుకుంటున్నాను. మొదట్లో నడుస్తుంటే కాలికి తగిలేది, ఇప్పుడు అలవాటైపోయింది.


చిరంజీవి మేనకోడలికి,

దీవెనలు. నీ ఉత్తరం ఈసారి మొదటి నుంచి చివరి దాకా రెండుసార్లు చదివాను. మీ అత్తయ్య ఎదురుగా కూర్చుని చదివించింది, ఒక్క వాక్యం కూడా దాటనివ్వలేదు.

పార్సిలు పంపడం లేదు.

మీ పెద్దాయన నాకు ఉత్తరం రాశారు. పాత సంగతులు మరిచిపోదాం అన్నారు. మీ మేనకోడలి మీద మొదట్లో నాకు సదభిప్రాయం లేదు, ఇప్పుడు ఆ అమ్మాయి ఎంత జాగ్రత్తపరురాలో చూస్తుంటే నా తర్వాత ఈ బడి నిశ్చింతగా ఉంటుందనిపిస్తోంది అని రాశారు. అమ్మాయ్, బీరువాలో మనిషి ఉన్నాడని అనుకున్న రోజు కూడా నేను ఇంత భయపడలేదు.

కమిటీ అధ్యక్షుడికి మళ్ళీ రాశాను. ప్రయోగశాల గది తెరిచారు గానీ పిల్లలకు తెరవలేదని రాశాను. సామాను చేతికివ్వకుండా గీత గీసి నిలబెడుతున్నారని, వేలు పెట్టి చూసిన పిల్లని మెచ్చుకోవలసింది పోయి శిక్షించారని, కొత్త అయస్కాంతాలను కూడా లోపల పడేశారని రాశాను. ఆ ఇన్‌ఛార్జి ఎవరో విచారించి, తాళంచెవి తీసుకుని పిల్లలకు అందేలా గోడకి మేకు కొట్టి తగిలించాలని కోరాను. నీ పేరు రాయలేదు, హోదా మాత్రమే రాశాను. నకలు పోలీసులకు పంపలేదు. ఎంతైనా మేనకోడలివి.

రాసింది పోస్టు చేసే ముందు మీ అత్తయ్యకు చదివి వినిపించాను. పెళ్ళైన ఇన్నేళ్ళలో నేను రాసిన ఫిర్యాదుల్లో ప్రతి ముక్కా నిజమైనది ఇదొక్కటే అంది.

ఇట్లు,
నీ మీద ఫిర్యాదు చేసిన మామయ్య

తా.క. ఉల్లిపొరలో ఏముందో నువ్వెలాగూ రాయలేదు. సోమవారం నేనే వస్తున్నాను. గీతకి ఇవతల నిలబడను, చేతులు వెనక్కి కట్టుకోను. బయట నిలబెడితే వేలు పెట్టిన ఆ పిల్ల పక్కనే నిలబడతాను.